పొట్టి కోనిఫర్లలో ఏది కొనాలి: రాయగడకి ఒకటి, కోరాపుట్‌కి ఇంకొకటి

ముందే చెప్పేస్తాను. దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి లాంటి కింది ఊళ్లలో ఉండి, ఏడాది పొడవునా పచ్చగా ఉంటూ నెమ్మదిగా పెరిగే కోనిఫర్ (పైన్ చెట్టు వంశంలోది) ఒకటి ఇంటి ముందు కావాలంటే పోడోకార్పస్ తీసుకోండి. డబ్బు ఎక్కువ పెట్టలేం, తొందరగా నిండుగా కనబడాలి అనుకుంటే మోర్‌పంఖిలో పొట్టి రకం. కోరాపుట్, సునాబెడా, సెమిలిగుడ కొండ మీద వాళ్లయితే జూనిపర్‌కి వెళ్లొచ్చు, అక్కడ దాని అందమే వేరు. ఇక ఫోన్లో ఫొటో చూసి మనసు పడే ఆ శంఖు ఆకారపు ఆల్బర్టా స్ప్రూస్, నిమ్మవాసన వేసే బంగారు రంగు సైప్రస్, ఈ రెండింటి జోలికీ మాత్రం వెళ్లకండి. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. తక్కినవాళ్లు మిగతాది కూడా చదివితే మంచిది, బండి మీద మొక్కలు తెచ్చే అతను తన దగ్గరున్నవన్నీ "క్రిస్మస్ ట్రీ సార్" అనే ఒక్క పేరు మీదే అమ్ముతాడు మరి.

పొట్టి రకం అంటే ఎప్పటికీ పొట్టిగానే ఉండిపోతుందని చాలామంది నమ్మకం. అలా ఏమీ ఉండదు. అమెరికన్ కోనిఫర్ సొసైటీ పెట్టిన లెక్క ప్రకారం ఏడాదికి 2.5 సెంటీమీటర్ల లోపు పెరిగేది మినియేచర్, 2.5 నుంచి 15 దాకా పెరిగేది డ్వార్ఫ్, 15 నుంచి 30 అయితే మధ్యరకం, ఆపైన పెద్దది. చూశారా, ఇందులో మొత్తం ఎత్తు ఎంత అన్న మాటే లేదు, ఏడాదికి ఎంత సాగుతుందన్నదే లెక్క. ఏడాదికి పది సెంటీమీటర్లు పెరిగే మొక్క పదేళ్లకి మీటరు అవుతుంది, అక్కడితో ఆగమంటే ఆగదు. పైగా ఆ అంకెలు చలిదేశాల్లో రాసుకున్నవి, అక్కడ మొక్క చిగురు వేసేది ఏడాదిలో కొద్ది నెలలే. మన దగ్గర జూన్‌లో వానలు పడ్డప్పటి నుంచీ చలి ముదిరేదాకా చిగురు వస్తూనే ఉంటుంది. అందుకని లేబుల్ మీద పదేళ్లకి ఇంత అని ఉంటే, ఇక్కడ ఇంకొంచెం ఎక్కువే వేసుకుని చోటు వదలండి.

ఎంపిక విషయంలో నేను అన్నిటికన్నా ముందు చూసేది రంగూ కాదు, ఆకారమూ కాదు, దెబ్బ తింటే మళ్లీ కోలుకుంటుందా అన్నది. నెమ్మదిగా పెరిగే మొక్క నెమ్మదిగానే కోలుకుంటుంది. మందార కొమ్మని మేక తినేసినా నెల తిరిగేసరికి మళ్లీ చిగుళ్లతో కప్పేసుకుంటుంది. కోనిఫర్‌కి ఒక పక్క ఎండిపోతే ఆ బోడి మచ్చ ఏళ్ల తరబడి గేటు దగ్గర వచ్చేపోయేవాళ్లందరికీ కనబడుతూనే ఉంటుంది, కొన్ని రకాల్లో అయితే ఇక ఎప్పటికీ పూడదు. జూనిపర్‌లోనూ మోర్‌పంఖిలోనూ ఆకు పోయిన పాత కొమ్మ నుంచి మళ్లీ చిగురు రాదు, కొమ్మ లోపలి గోధుమరంగు భాగం దాకా కత్తిరించారా, ఆ కొమ్మ అక్కడితో సరి. పోడోకార్పస్ మాత్రం పాత కర్ర నుంచి కూడా చిగురేస్తుంది. ఊరెళ్లినప్పుడు నీళ్లు పోసేవాళ్లు లేని ఇల్లు, బంతాట ఆడే పిల్లలున్న ఇల్లు, పక్కింటి మేకలు దూరే పెరడు అయితే ఈ ఒక్క గుణం కోసమే దానికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

చేత్తో పట్టుకుని గుర్తుపట్టడం

పేరు చీటీని నమ్మితే మోసపోతారు. కడియం నర్సరీల నుంచి వచ్చే వ్యానులో అయినా, లోకల్ నర్సరీలో అయినా చీటీ ఒకటి, మొక్క ఒకటి ఉండటం మామూలే. ఆకు పట్టుకుని చూస్తే ఎవరినీ అడగక్కర్లేదు.

ముందు అసలు కోనిఫర్లే కానివాటిని పక్కన పెట్టేద్దాం. గోపాల్‌పూర్, ఛత్రపూర్ తీరం పొడవునా ఉండే సరుగుడుని గుండ్రంగా కత్తిరించి కుండీలో పెట్టి అమ్ముతుంటారు, దూరం నుంచి చూస్తే సూదుల చెట్టనే అనిపిస్తుంది. పచ్చటి సన్న పుల్లని రెండు చేతుల వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగండి, కణుపు దగ్గర టక్కున ఊడొస్తుంది. ఊడిన చోట కణుపు చుట్టూ చిన్నచిన్న పళ్లలాంటి పొలుసులు కనిపిస్తాయి, దాని ఆకులు అవే, మనం సూదులు అనుకున్నవి కొమ్మలు. అది పూలు పూసే జాతి చెట్టు, కోనిఫర్లతో చుట్టరికం లేదు. సైకస్ కూడా అంతే, దాన్ని కోనిఫర్ కుండీల వరసలోనే పెడతారు గానీ దాని వంశం వేరు.

ఇప్పుడు సూదులున్నవి. సూదులు రెండో మూడో అయిదో కట్టగా, మొదట్లో చిన్న తొడుగుతో కలిసి వస్తుంటే అది పైన్. దారింగ్‌బాడీ వెళ్లొచ్చినవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే, అక్కడి పైన్ తోటలు చూసి ఇంట్లో ఒకటి పెట్టాలని సరదా పడతారు. అవి అటవీ శాఖ నాటిన పెద్ద చెట్లు, సెంట్ల లెక్కన కొన్న ఇంటి స్థలంలో పట్టేవి కావు. సూది ఒక్కొక్కటిగా కొమ్మకి అంటుకుని, వేళ్ల మధ్య దొర్లిస్తే నాలుగు పలకలు తగిలి, రాలిపోయాక కొమ్మ మీద చిన్న మేకులాంటి మొదలు గరుగ్గా మిగిలితే స్ప్రూస్. సూది బల్లపరుపుగా ఉండి, ఊడాక కొమ్మ మీద నున్నటి గుండ్రటి మచ్చ మాత్రమే మిగిలితే ఫర్. ఈ రెండూ మన వైపు బండ్ల మీద దొరకవు, దొరికితే అనుమానించాల్సింది మొక్కని కాదు, అమ్మేవాడిని.

పొలుసుల్లాంటి ఆకులు కొమ్మకి అతుక్కుని, పచ్చటి జడ అల్లినట్టుంటే అప్పుడు మూడు అనుమానాలు. కొమ్మల విసనకర్రలు నిటారుగా నిలబడి, రెండు వైపులా ఒకే పచ్చదనం ఉంటే మోర్‌పంఖి, అంటే ప్లాటిక్లేడస్ ఓరియెంటాలిస్. నర్సరీలో దాన్నే తూజా అంటారు. అసలు తూజాలో విసనకర్రలు అడ్డంగా పరుచుకుంటాయి, నలిపితే ఘాటైన వాసన వస్తుంది. మోర్‌పంఖిని నలిపినా పెద్దగా వాసన ఉండదు. కాయ దొరికిందా, ఇక సందేహమే అక్కర్లేదు: లేత మోర్‌పంఖి కాయ మీద నీలిబూడిద పూసినట్టుంటుంది, ప్రతి పొలుసు చివరా చిన్న కొమ్ము వెనక్కి వంగి ఉంటుంది. చెయ్యి ఆనిస్తే గుచ్చుకుంటూ, ఒకే మొక్క మీద ఒక కొమ్మకి ముల్లులాంటి ఆకులు, ఇంకో కొమ్మకి పొలుసుల్లాంటి ఆకులు కనబడితే అది జూనిపర్, అందులోనూ చాలావరకు చైనా జూనిపర్. నేలబారుగా పాకే ప్రొకంబెన్స్ నానా రకంలో అన్నీ ముల్లాకులే, మూడేసి చొప్పున వస్తాయి, దగ్గరగా చూస్తే ఆకు మీద తెల్లటి చారలుంటాయి. నలపగానే నిమ్మచెక్క వాసన వచ్చి, ఆకు లేత పసుపుపచ్చగా మెత్తగా ఉంటే గోల్డ్‌క్రెస్ట్ సైప్రస్. దాన్ని బండి మీదే వదిలేసి ముందుకు నడవండి.

పోడోకార్పస్ చూసి ఇది కోనిఫర్ ఏమిటి అని అందరూ అంటారు. ఆకు వేలంత పొడుగు, సన్నగా, దళసరిగా, మధ్యలో ఒక్క ఈనె తప్ప పక్క ఈనెలు లేకుండా ఉంటుంది. పచ్చగన్నేరు ఆకుతో పొరబడతారు, కానీ పచ్చగన్నేరు ఆకు తుంచితే పాలు కారతాయి, పోడోకార్పస్‌కి కారవు. కొత్త చిగురు లేత చిలకపచ్చగా వచ్చి, పాత ఆకుల ముదురు రంగు మీద కొన్ని వారాల పాటు రెండు రంగుల్లో కనబడుతుంది, నాకైతే ఆ మొక్కని చూడాల్సిన సమయం అదే.

ఇంకొకటి, అంతస్తులు అంతస్తులుగా అడ్డకొమ్మలు వేసుకుని నిటారుగా పోయేది అరౌకేరియా. క్రిస్మస్ ట్రీ పేరు మీద ఎక్కువగా అమ్ముడుపోయేది ఇదే. కుండీలో ఉన్నన్నాళ్లూ బుద్ధిగా ఉంటుంది, నేలలో పెడితే కొబ్బరిచెట్టుని దాటేస్తుంది. అది పొట్టి రకం కానే కాదు, పసిమొక్క, అంతే.

పుట్టు పొట్టి, కత్తెర పొట్టి

దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, డబ్బులు పోయేది ఇక్కడే. మామూలు మోర్‌పంఖిని, మామూలు జూనిపర్‌ని కత్తెరతో గుండ్రంగా కత్తిరించి పొట్టి రకమని అమ్ముతారు. కొనేటప్పుడు రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఇంటికి తెచ్చాక వానలు పడగానే కత్తెర పొట్టిది నాలుగు వైపులా పొడవాటి చిగుళ్లు విసురుతుంది, ఇక మీరు కూడా కత్తెర పట్టుకుని జీవితాంతం దాని వెంట తిరగాల్సిందే.

తేడా తెలుసుకోవడం కష్టం కాదు. కొమ్మల చివర్లు చూడండి. గుండు పైభాగమంతా చివర్లు మొండిగా, కోసిన చోట గోధుమరంగు చుక్కతో ఉంటే అది కత్తెర పని. పుట్టుకతో పొట్టిదైతే చివర్లు కొసదేలి సహజంగా ఉంటాయి, పక్కకొమ్మకీ పక్కకొమ్మకీ మధ్య దూరం చాలా తక్కువగా ఉంటుంది, లోపలికి వేలు పెడితే దూరనంత దట్టంగా తగులుతుంది. ఇంకో పద్ధతి, ఆ ఒక్క మొక్కనే కాకుండా వరసనంతా చూడండి. వరసలో అన్నీ ఒకే ఎత్తు, ఒకే వాటం ఉంటే కొమ్మ నాటి పెంచినవి అయ్యుండొచ్చు. ఒకటి సన్నగా పొడుగ్గా, ఒకటి లావుగా, ఒకటి ఎక్కువ పసుపుగా ఉంటే అవి విత్తనపు మొక్కలు, ఏది ఎలా తేలుతుందో ఎవరూ చెప్పలేరు. మోర్‌పంఖి మన దగ్గర ఎక్కువగా విత్తనం నుంచే పెంచుతారు కాబట్టి ఈ చూపు అవసరం.

ఇదే కారణంతో ఆన్‌లైన్లో "డ్వార్ఫ్ స్ప్రూస్ విత్తనాలు", "మినీ పైన్ బోన్సాయ్ విత్తనాలు" అని వచ్చే పొట్లాలు కొనకండి. పొట్టి రకాలు ఎక్కడో ఒక మొలకలోనో, ఒక కొమ్మలోనో వచ్చిన మార్పుని పట్టుకుని కొమ్మలు నాటి, అంట్లు కట్టి పెంచుకుంటూ వచ్చినవి. ఆల్బర్టా స్ప్రూస్ కథే తీసుకోండి, 1904లో కెనడాలోని ఆల్బర్టాలో, ఇప్పుడు లేక్ లూయిస్ అని పిలిచే చోట, అమెరికాలోని ఆర్నాల్డ్ ఆర్బొరేటమ్ అనే చెట్ల తోటకి చెందిన జాక్, రేడర్ అనే ఇద్దరికి అది దొరికింది. ఇవాళ ప్రపంచంలో అమ్ముడయ్యే కోనికా (ఈ పొట్టి స్ప్రూస్ రకం పేరు అదే) అంతా అక్కడి నుంచి కొమ్మల ద్వారా వచ్చిందే. విత్తనం వేస్తే మొలిచేది మామూలు స్ప్రూస్, అదీ మొలిస్తే. అంతెందుకు, కొమ్మ నాటి పెంచిన కోనికా కూడా ఒక్కోసారి తన పాత బుద్ధి గుర్తొచ్చి ఒక పక్క నుంచి మామూలు స్ప్రూస్ కొమ్మని పొడుగ్గా తోసేస్తుంది, దాన్ని వెంటనే మొదటికంటా కోసేయకపోతే ఆ కొమ్మే చెట్టుని మింగేస్తుంది.

ఆ స్ప్రూస్ మన దగ్గర ఎందుకు బతకదంటే పగటి ఎండ ఒక్కటే కారణం కాదు. నీడలో పెడితే సరిపోతుందిగా అని కొందరి వాదన. మే నెలలో రాయగడలో రాత్రి పూట కూడా ఉక్క తగ్గదు, మొక్క పగలు ఆకుల్లో తయారుచేసుకున్నదంతా రాత్రి శ్వాసకే ఖర్చయిపోతుంది. పైగా దానికి చలికాలంలో గడ్డకట్టే చలిలో నిద్ర కావాలి, అది మనం ఇవ్వలేం. నిమ్మవాసన సైప్రస్ పుట్టిల్లు కాలిఫోర్నియాలోని చల్లటి సముద్రతీరం, డిసెంబర్‌లో కొన్నప్పుడు ముచ్చటగా ఉంటుంది, ఏప్రిల్ వచ్చేసరికి కింద నుంచి ఎండటం మొదలుపెడుతుంది. పండగ పూలబొకే కొన్నట్టు కొనుక్కుంటే సరే, మొక్క కొన్నాం అనుకోవద్దు.

ఇక మోర్‌పంఖి, జూనిపర్, పోడోకార్పస్ మధ్య

మోర్‌పంఖికి పెద్ద బలం ధర, లభ్యత. ఏ సంతలో అయినా దొరుకుతుంది, ఎండ తట్టుకుంటుంది, ఎర్రమట్టిలో పేచీ పెట్టదు. బంగారు రంగు పొట్టి రకం, ఆరియా నానా, కోడిగుడ్డు ఆకారంలో దానంతట అదే పెరుగుతుంది, కత్తెర అక్కర్లేదు. దాని బలహీనత నీడ. అరుగు మీద, సగం ఎండలో పెట్టారంటే విసనకర్రలు విడిపోయి, మధ్యలో ఖాళీ వచ్చి, ఎవరో మీద కూర్చుని లేచినట్టు తయారవుతుంది. రోజుకి అయిదారు గంటలు నేరుగా ఎండ పడే చోటు లేకపోతే ఇది వద్దు. కుండీని వారం పది రోజులకోసారి కొద్దిగా తిప్పుతూ ఉండాలి, లేకపోతే గోడవైపు భాగం చచ్చిపోతుంది, చచ్చిన భాగం ఇక రాదని పైన చెప్పాను. కోరాపుట్ చలికి దాని ఆకు కాస్త కంచు రంగులోకి తిరుగుతుంది, కంగారుపడి మందులు కొట్టేయకండి, ఫిబ్రవరి దాటాక మళ్లీ పచ్చబడుతుంది.

జూనిపర్ బాగా పెరిగితే దాని ముందు తక్కినవి దిగదుడుపే. ఆ వయసు మళ్లిన వాటం, నీలం కలిసిన పచ్చ రంగు, బోన్సాయ్ వాళ్లు ఊరికే దాని వెంట పడరు. కానీ దానికి కావాల్సింది గట్టి ఎండ, గాలి, వేళ్ల దగ్గర నీరు నిలవకపోవడం. కోరాపుట్ ఎత్తు సుమారు 870 మీటర్లు, రాత్రిళ్లు చల్లబడతాయి, చలికాలంలో పది డిగ్రీల కిందికి కూడా దిగుతుంది, ఎర్రనేల వాలు మీద వాన నీరు ఆగకుండా పోతుంది, అన్నీ దానికి నచ్చేవే. రాయగడ 200 మీటర్ల చిల్లర ఎత్తులో చుట్టూ కొండల మధ్య గిన్నెలో ఉంది. అక్కడ జూనిపర్ బతకదని అనను, బతికించినవాళ్లున్నారు, కానీ వాళ్లు కుండీలో ముతక ఇసుక, ఇటుక ముక్కలు ఎక్కువ వేసి, జులై ఆగస్టుల్లో ముసురు పట్టినప్పుడు చూరు కిందికి జరిపి, మే నెలలో పడమటి ఎండ తప్పించి పెంచుతారు. అంత ఓపిక మీకుంటే మంచిదే. జయపురం రెండింటికీ మధ్యలో ఉంది కాబట్టి అక్కడివాళ్లు కుండీలో మొదలుపెట్టి, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూశాక నేలలోకి దించడం తెలివైన పని.

పోడోకార్పస్ ఖరీదెక్కువ, అదే ఎత్తున్న మోర్‌పంఖి కన్నా చాలా ఎక్కువ చెబుతారు, బేరమాడినా పెద్దగా దిగరు. పెంచడానికి ఏళ్లు పట్టే మొక్క కాబట్టి ఆ ధర అన్యాయం అనలేను. జపాన్, దక్షిణ చైనాల నుంచి వచ్చింది, జపాన్‌లో సముద్రపు గాలి తగిలే చోట ఇళ్లకి కంచెగా వేసుకుంటారు, అందుకే బరంపురం, గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి మూడింటిలోనూ ఇదే నా మొదటి ఎంపిక. సగం నీడలో కూడా దట్టంగానే ఉంటుంది, ఉదయపు ఎండ మాత్రమే పడే తూర్పు అరుగుకి ఇంతకన్నా మంచిది లేదు. కత్తిరిస్తే తిట్టుకోదు. లెక్క ప్రకారం చూస్తే ఇది డ్వార్ఫ్ తరగతిలోకి రాదు, వదిలేస్తే చిన్న చెట్టవుతుంది, కానీ ఏడాదికి రెండుసార్లు చిగుళ్లు తుంచుకుంటే ఎన్నేళ్లయినా నడుమెత్తులో ఉంచొచ్చు, అందులో మాకీ అనే పొద రకం దొరికితే ఇంకా సులువు. దీనికి పడనిది సున్నం. కొత్తగా కట్టిన ఇంటి చుట్టూ రద్దు, సిమెంటు కలిసిన మట్టిలో పెడితే కొత్త ఆకులు పసుపుబారి వస్తాయి, అప్పుడు ఎరువు కాదు, మట్టే మార్చాలి. ఆడ మొక్కకి కాసే గింజలు విషం, చిన్నపిల్లలున్న ఇంట్లో ఏరి పారేయండి.

బండి దగ్గర చూడాల్సింది

కోనిఫర్లు చచ్చిపోయాక కూడా కొన్ని వారాలు పచ్చగా కనిపిస్తాయి. క్రిస్మస్‌కి నరికి తెచ్చిన చెట్టు పండగంతా పచ్చగా నిలబడేది అందుకే. వ్యాన్లో మూడు రోజులు ఎండిపోయి వచ్చిన మొక్క కూడా మీ కళ్లకి ఆరోగ్యంగానే కనబడుతుంది, ఇంటికి తెచ్చాక నెలకి ఎర్రబడితే మీరే నీళ్లు సరిగా పోయలేదని మీ మీద పడుతుంది నింద. కాబట్టి కొనే ముందు కొమ్మ మొదట్లో బెరడుని గోటితో కొద్దిగా గీరండి, కింద పచ్చగా తడిగా ఉండాలి, పొడిగా గోధుమరంగులో ఉంటే వద్దు. చిన్న కొమ్మని వంచండి, పుటుక్కున విరిగితే వద్దు. అమ్మేవాడు కసురుకుంటే ఇంకో బండి.

తర్వాత మట్టి ముద్ద. కవర్లో వచ్చే మొక్కకి తరచుగా బంకమట్టి గట్టిగా అంటుకుని ఉంటుంది. దాన్ని అలాగే తెచ్చి మెత్తటి, ఇసుక కలిపిన మిశ్రమంలో పెడితే రోజూ పోసే నీళ్లన్నీ చుట్టూ ఉన్న ఇసుకలోంచి కిందికి జారిపోతాయి, వేళ్లున్న ముద్ద లోపల మాత్రం రాయిలా పొడిగా ఉంటుంది. పైన తడి కనిపిస్తుంది, మొక్క దాహంతో చస్తుంది. నాటే ముందు కవరు తీసి, ముద్దని బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి ఉంచండి, తర్వాత పుల్లతో పక్కల మట్టిని కొంచెం వదులు చేసి, చుట్టు తిరిగిన వేళ్లని విడదీయండి. మొత్తం మట్టి దులిపేయకూడదు, కోనిఫర్ వేళ్లు బోడిగా గాలికి ఉండటం ఓర్చుకోవు. కుండీకి ఎర్రమట్టి, ముతక ఇసుక, బాగా మాగిన గత్తం సమానంగా చాలు, జూనిపర్‌కి ఇసుక పాలు ఇంకొంచెం పెంచండి. యూరియా వేయొద్దు, వేస్తే చిగుళ్లు పొడుగ్గా సాగి, నెమ్మదిగా పెరిగే రకానికి డబ్బులు పెట్టి కొన్న అర్థమే పోతుంది.

నేలలో నాటడానికి నేను వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబర్ చివర, అక్టోబర్ అంటాను, వేళ్లు కుదురుకోవడానికి చలికాలమంతా దొరుకుతుంది, ఏప్రిల్ ఎండ వచ్చేసరికి మొక్క తన కాళ్ల మీద నిలబడుతుంది. తుపాన్లు కూడా ఆ నెలలోనే వస్తాయి, 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ అక్టోబర్‌లోనే కదా, కాబట్టి కొత్తగా నాటినదానికి కర్ర ఊతం కట్టండి, గొయ్యి చుట్టూ నీరు నిలవకుండా మట్టి ఎత్తు చేయండి.

మొక్క ఎర్రబడుతోంది అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది, లోపలా, చివరా అని. లోపలి పాత ఆకులు గోధుమరంగయి రాలడం మామూలు, చేత్తో దులిపేస్తే సరి. చివర్లు ఎండుతుంటే నీళ్లు ఎక్కువో తక్కువో అయ్యాయి, లేదా ఎర్రనల్లి. తెల్ల కాగితం ఒకటి కొమ్మ కింద పట్టుకుని కొమ్మని గట్టిగా తట్టండి, పడ్డ దుమ్ములో కొన్ని చుక్కలు నడుస్తుంటే అదే నల్లి. దానికి చాలామంది ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొట్టేస్తారు, నల్లి పురుగు జాతి కాదు, ఆ మందుకి చావదు, పైగా దాన్ని తినే మంచి పురుగులు చచ్చి నల్లి ఇంకా పెరుగుతుంది. పైపుతో ఆకు అడుగు భాగాన పొద్దున్నే గట్టిగా నీళ్లు కొట్టడం, రెండు మూడు రోజులకోసారి, చాలావరకు ఇదే వైద్యం. వేపనూనె కొట్టాలంటే సాయంత్రం కొట్టండి, నీలం రంగు జూనిపర్ మీద మాత్రం వద్దు, ఆ నీలం ఆకు మీది మైనపు పొర వల్ల వచ్చేది, నూనె తగిలితే పొర పోయి మామూలు పచ్చగా అయిపోతుంది.

ఇప్పటికే అరౌకేరియాని పొట్టి రకమనుకుని గోడ పక్కన నాటేసినవాళ్ల సంగతి. పైన మొవ్వు నరికేస్తే ఆగిపోతుందిలే అని నరకకండి, ఆకారం పోతుంది, చెట్టు మాత్రం పొట్టిదైపోదు. పక్క కొమ్మ కోసి నాటుకుంటే చిన్న మొక్క వస్తుందని కూడా ఆశపడకండి, పక్క కొమ్మ నుంచి వచ్చే మొక్క ఎప్పటికీ అడ్డంగానే పాకుతుంది, నిటారుగా లేచేది మొవ్వు కోసి నాటిందే. ఈ అరౌకేరియాల్ని మన దగ్గర నార్ఫోక్ పైన్ అని కూడా అమ్ముతారు, వాటిలో చాలా వరకు దాని చుట్టమైన కుక్ పైన్, అది భూమధ్యరేఖ వైపు ఒరుగుతూ పెరుగుతుందని 2017లో ఎకాలజీ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది, అంటే మన దగ్గర దక్షిణం వైపుకి. మీ చెట్టుకి దక్షిణాన ఏముందో చూసుకోండి. కరెంటు తీగలో, పక్కింటి రేకుల షెడ్డో ఉంటే, ఇంకా నడుమెత్తులో ఉండగానే ఈ అక్టోబర్‌లో మట్టి ముద్దతో సహా తవ్వి పెద్ద గోళెంలోకి మార్చేయండి, తల మించితే ఆ పని కూలీలతో కూడా కాదు.